కెప్టెన్ గారి ఎంగిలి కంచాలు

చిట్టితల్లికి,
పిన్ని దీవెనలు, వెంటనే కాసిన్ని చీవాట్లు.

నువ్వు పంపిన టికెట్టుతో మీ మ్యూజియం ఓడ చూశాను. నువ్వు సెలవట, బతికిపోయావు. కెప్టెన్ గదిలో బల్ల మీద ఎంగిలి కంచాలు, ఎండిన రొట్టె. పరాయి దేశంలో మా అక్క కూతురు పనిచేసే చోటు ఇలా ఉందేమిటని నాకు తల కొట్టేసినట్టయింది. కాపలా మనిషి అటు తిరగగానే అడ్డుతాడు దాటి, కంచాలన్నీ పంపు కింద తోమి బోర్లించాను.

నీ పరువు నిలబెట్టిన,
పిన్ని

తా.క. గోడకున్న కోటుకి గుండె దగ్గర చిల్లుంటే కుట్టేశాను. దారం రంగు బాగా కలిసింది.

పిన్నీ,

నమస్కారాలు పెట్టే ఓపిక లేదు. నీ ఉత్తరం నిలబడి మొదలుపెట్టి, నేల మీద చతికిలబడి ముగించాను. భోజనం మధ్యలో కెప్టెన్ని సొంత నావికులే కాల్చేశారు. వందేళ్లుగా ఆ బల్లని ఎవరూ ముట్టుకోలేదని మా పెద్దాయన, అంటే మ్యూజియం అధికారి, అందరికీ చెప్తాడు. నువ్వు కుట్టింది తూటా చిల్లు. దాన్ని చూడటానికే జనం వస్తారు. సోమవారం నేను కమిటీ ముందు నిలబడాలి. ఉద్యోగం గాలిలో దీపమే. రొట్టె ఏం చేశావు?

వణుకుతూ,
చిట్టి

తా.క. పారేశానని మాత్రం రాయకు.

చిట్టీ,

పారేయలేదు. సముద్రపు పక్షులకి వేశాను. అవి ముక్కుతో పొడిచి, నా వంక అదోలా చూసి వెళ్లిపోయాయి. చచ్చినవాడి కంచం వందేళ్లు కడగకుండా ఉంచారా? ఆ చేతులతోనే భోంచేశాను, ఒళ్లు జలదరిస్తోంది. నీ ఉద్యోగం పోతే ఏ మొహం పెట్టుకుని అక్కకి కనిపించను? తప్పు నాదేనని కమిటీకి చెప్పు.

ఏడుస్తూ,
పిన్ని

తా.క. వందేళ్ల ఎంగిలి అంత సులువుగా వదలకూడదే. నీళ్లు పడగానే రంగు దిగిపోయింది. కంచాల అడుగున కోడిపుంజు బొమ్మ తేలింది. ఓడకి ఎదురుగా నేను దిగిన హోటల్లో కంచాలకీ అదే బొమ్మ.

పిన్నికి,
చిట్టి సాష్టాంగ నమస్కారాలు.

నీ తా.క. చదివి వినిపిస్తే కమిటీ వాళ్లు కంచాల అడుగు చూశారు. కోడిపుంజే. పెద్దాయన చెమటలు తుడుచుకుంటూ ఒప్పుకున్నాడు. అసలు కంచాలు ఆయన చేతిలోనే పగిలాయట. హోటల్ నుంచి వేరేవి తెచ్చి రంగు పూశాడట. రొట్టె సుద్దది. తూటా చిల్లు ఆయన చుట్ట నిప్పుకి పడింది. ఇన్నేళ్లూ ఆ చిల్లు చూపిస్తూ నేను నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాను పిన్నీ. ఆయన ఉద్యోగం ఊడింది. ఆ కుర్చీ నాకిచ్చారు.

నీ చేతి చలవతో,
చిట్టి

తా.క. మళ్లీ తప్పకుండా రా. ఆ గదిలో ‘ఏదీ ముట్టుకోరాదు’ అని పెద్ద బోర్డు పెట్టించాను. తెలుగులో. ఇక్కడికి వచ్చేవాళ్లలో తెలుగు చదివేది నువ్వొక్కదానివే.