కిటికీలో చెట్టు

మే 6, సోమవారం

ఈరోజు నాలుగు అద్దె ఇళ్ళకి ఫోటోలు తీశాను. నడుం పడిపోయింది. బ్రోకర్‌కి ఎప్పుడూ తొందరే. ఒక ఇంట్లో నేనింకా ట్రైపాడ్ విప్పుతుంటే, ఇంకో ఇంటి తాళాలు ఆడిస్తూ గుమ్మంలో నిలబడతాడు.

మూడోది ఒక గది, ఒక వంటిల్లు, ఒక కిటికీ. సరిగ్గా పన్నెండింటికి వెళ్ళాం. గదంతా చీకటి, కిటికీ ధగధగ. మన కంటికి రెండూ కనిపిస్తాయి, కెమెరాకి అంత ఓపిక లేదు. గదికి సరిపెడితే కిటికీ తెల్ల కాగితం అయిపోతుంది. కిటికీకి సరిపెడితే గది బొగ్గు. అందుకే ట్రైపాడ్ కదపకుండా అదే ఫ్రేమ్ ఐదుసార్లు తీస్తాను, చీకటి నుంచి వెలుగు దాకా ఐదు ఎక్స్‌పోజర్లు. మెమరీ కార్డు తెచ్చి మా ఆయన చేతిలో పెడతాను. ఆయన గదిని ఒకదాంట్లోంచి, కిటికీని ఇంకోదాంట్లోంచి తీసుకుని ఒక్క ఫోటో చేస్తాడు. దీన్నే హెచ్‌డీఆర్ అంటారు, మా ఇంట్లో అది సగం నాది, సగం ఆయనది. పెళ్ళి కూడా అంతే కదా అంటాడు. ఆరేళ్ళుగా అదే జోకు. ఆరేళ్ళుగా నవ్వుతూనే ఉన్నాను.

మే 7, మంగళవారం

చెల్లెలికి పెద్ద ఆర్డర్ వచ్చింది. నర్సుల యూనిఫారాలు, రెండు వందల జతలు. తన టైలరింగ్ షాపున్న బిల్డింగ్ పడగొట్టేస్తే రెండు నెలలు ఉంటానని మా ఇంటికి వచ్చింది, ఏడాదైంది. వచ్చిన రోజు సోఫా జానెడు జరిపి హాల్లో మిషనుకి చోటు చేసింది మా ఆయనే. మిషను చప్పుడు విని చెల్లెలికి టకటక అని పేరు పెట్టింది కూడా ఆయనే. టకటకా, ఈరోజు ఎన్ని మైళ్ళు తొక్కావు అని అడుగుతాడు. అది పళ్ళికిలిస్తుంది.

ఇప్పుడు సొంతంగా గది చూసుకుంటానంటోంది. ఒక్కటే షరతు, వెలుతురు ఉండాలి. నీలం గుడ్డ మీద నీలం దారం ట్యూబ్‌లైట్ కింద కలిసిపోతుందట, పోయినసారి సూది వేల్లో దిగింది. కానీ ఇళ్ళు వెతకడానికి టైము లేదు. నువ్వు రోజూ ఇళ్ళు చూస్తావు కదక్కా, నువ్వు చూస్తే నేను చూసినట్టే అంది.

మే 8, బుధవారం

నిన్నటి మూడో ఇల్లు బాగుంది కదా అని మా ఆయనే గుర్తుచేశాడు. నిన్న కాదు, మొన్న. నేను వేరే ఇంట్లో స్టూలు ఎక్కి ఉండగా ఫోటో పంపాడు. గది చక్కగా ఉంది, కిటికీ నిండా పచ్చగా ఉంది. అలాగే చెల్లెలికి పంపేశాను. గది బాగుంది, వెలుతురు బోలెడు అని రాశాను.

పది నిమిషాలకి జవాబు. బాగుందక్కా, తీసేసుకుంటాను.

మే 9, గురువారం

చెల్లెలు ఎందుకో భోజనం మధ్యలో లేచి వెళ్ళిపోయింది.

మే 12, ఆదివారం

నాకు హోటల్ షూట్ పడింది. సామాను మార్చడం, అగ్రిమెంట్ మీద సంతకాలు, అన్నీ మా ఆయనే దగ్గరుండి చేయించాడు. మిషను తనే ఎత్తుకుని మూడంతస్తులు ఎక్కాడట. ఇలాంటి బావ ఎవరికుంటాడు అని చెల్లెలికి మెసేజ్ పెట్టాను. చూసింది. జవాబు లేదు. అలిసిపోయి ఉంటుంది.

మే 15, బుధవారం

ఫోన్ చేస్తే ఆఁ, ఊఁ అంటోంది. వస్తానంటే పని ఉందంటోంది.

మే 20, సోమవారం, సాయంత్రం 4

చెల్లెలి ఇంటి మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను.

చెప్పకుండా వచ్చాను. మూడింటికి పట్టపగలు ట్యూబ్‌లైట్ వేసుకుని కుడుతోంది. కిటికీ బయట గోడ. చెయ్యి చాపితే అందే దూరంలో పక్క బిల్డింగ్ గోడ, దాని మీద రెండు డ్రైనేజీ పైపులు. మిట్టమధ్యాహ్నం ఒక్క గంట ఆ సందులోకి ఎండ దిగుతుందట, అంతే. నేను ఫోటో తీసింది ఆ గంటలోనే. మూలన నిలబడి ఐదుసార్లు నొక్కాను, కిటికీ దాకా నడవనేలేదు.

గోడ పక్కన మూటలున్నాయి. నలభై జతలు ఆసుపత్రి వాళ్ళు తిప్పి పంపారట, ముదురు నీలం కాలర్లు లేత నీలం చొక్కాలకి పడ్డాయని. ఇంకోసారి ఇలా అయితే ఆర్డర్ వేరేవాళ్ళకి ఇస్తామన్నారట. ఇవన్నీ దాని నోటితో అది చెప్పలేదు, నేను గుచ్చి గుచ్చి అడిగి రాబట్టాను. నా మొహం చూడలేదు. టీ తాగుతావా అంది, చుట్టంతో అన్నట్టు.

మే 20, సాయంత్రం 6

బ్రోకర్‌కి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. పాపం, ఓపిగ్గా విన్నాడు. మేడమ్, మీరిచ్చిన ఫోటోలో గోడ ఉందిగా, ఓనర్ ఏమీ దాచొద్దన్నాడు, మేమూ దాచలేదు అన్నాడు. తన దగ్గరున్న ఫోటో పంపాడు.

అదే గది. అదే ఫ్రేమ్. కిటికీలో గోడ, రెండు పైపులు.

చెల్లెలికి నేను పంపిన ఫోటో తెరిచాను. కిటికీలో చెట్టు. ఇంటికొచ్చి అసలు ఫైళ్ళు ఐదూ తెరిచాను. అన్నిటికంటే చీకటి ఫ్రేమ్‌లో గది ఏమీ కనబడదు, గోడ మాత్రం ఇటుక ఇటుకా లెక్కపెట్టేలా ఉంది. నేను తీసిన ఫోటోనే. తీసి, చూడకుండా ఇచ్చాను.

చెట్టుని జూమ్ చేశాను. కొమ్మల మధ్య ఒక షటిల్ కాక్ ఇరుక్కుని ఉంది. తలెత్తి చూశాను. మా హాలు కిటికీ. అదే చెట్టు, అదే కొమ్మ, అదే షటిల్ కాక్.

కళ్ళుండీ గుడ్డిదాన్ని.

మే 21, మంగళవారం

మా ఆయన మొదట కాదన్నాడు. తర్వాత తమాషాకి చేశానన్నాడు. మూడోసారికి నిజం వచ్చింది. ఏడాది అన్నాడు. రెండు గదుల ఇల్లు, పొద్దున్న లేస్తే టకటక, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పెట్టుకుని చెవులు పుండ్లు పడ్డాయి అన్నాడు. నువ్వు జన్మలో చెప్పవు, ఎవరో ఒకరు చెయ్యాలి కదా అన్నాడు. పైగా, ఏనాడైనా నోరు తెరిచి దాన్ని పొమ్మన్నానా అని నన్నే అడిగాడు.

అనలేదు. అనుంటే బాగుండేది. పోట్లాడేదాన్ని, రెండు రోజులు మొహాలు మాడ్చుకునేవాళ్ళం, తర్వాత ముగ్గురం కూర్చుని ఏదో ఒకటి తేల్చుకునేవాళ్ళం. అదేమీ లేకుండా మిషను మడత పెట్టి, తను జోకులేస్తూ, నవ్వుతూ మోసుకెళ్ళి ఆ గోడ ముందు దింపి వచ్చాడు. లోకాన్ని మోసం చెయ్యడానికి చేసిన ఫోటో కూడా కాదది. బ్రోకర్‌కి నిజం ఇచ్చాడు. అబద్ధం చెల్లెలు ఒక్కదాని కోసమే చేశాడు. అదీ నా చేత్తో పంపించాడు.

ఏం తింటావు అని అడుగుతున్నాడు తలుపు అవతల నుంచి.

మే 22, బుధవారం

చెల్లెలికి అంతా చెప్పాను. ఏడుస్తూనే చెప్పాను. అది కాలర్ విప్పుతూ విన్నది. ఆగకుండా కుట్లు తెంపుతూనే ఉంది.

ఫోటో చూడగానే తెలిసిందక్కా అంది.

నాకు అర్థం కాలేదు. ఆ చెట్టు ఎదురుగానే కదా ఏడాది కూర్చున్నాను, ఆ షటిల్ కాక్ నాకు తెలీదా అంది. అది మన హాలు చెట్టని తెలిసింది, ఆ గదికి కిటికీ ఉన్నా లేనట్టేనని తెలిసింది. మొహం మీద చెప్పలేక అక్క ఇలా చెప్పింది అనుకున్నాను. పొమ్మనలేక పొగపెట్టడమంటే ఇదే కాబోలు అనుకున్నాను. అందుకే బాగుందన్నాను అంది.

నేను కాదే, బావే అన్నాను. మళ్ళీ మళ్ళీ అన్నాను.

పంపింది నువ్వే కదా అంది. వెలుతురు బోలెడు అని రాసిందీ నువ్వే కదా అంది.

చూడలేదే అన్నాను.

చూడలేదా అంది. ఆ కత్తెర ఇలా అందుకో అంది.

మే 24, శుక్రవారం

హాల్లో నేల మీద మిషను కాళ్ళ మచ్చలు నాలుగున్నాయి. సోఫా మళ్ళీ మొదటి చోటికి జరిపేశాడు. ఎప్పుడు జరిపాడో, నేను చూడనేలేదు.

మే 26, ఆదివారం

ట్రైపాడ్, రెండు లెన్సులు, నాలుగు జతల బట్టలు. మూడంతస్తులు నేనే మోసుకెక్కాను.

చెల్లెలు తలుపు తీసి చూసింది. చోటు లేదక్కా అంది.

మిషను జానెడు జరిపింది.