నాలుగంగుళాలు వద్దు మామా

మామా, అత్త మన మోనిషను ఎత్తుకుని జీపు ఎక్కబోయి, బిడ్డతో సహా కింద పడిపోతుందనే నాకు పెద్ద భయం. ఫోనులో చెబితే నవ్వేస్తావని రాసి పెడుతున్నాను.

మెకానిక్ సెల్వం సాయంత్రం ఫోను చేస్తాడు. జీపును ఎత్తు లేపే ఆ నాలుగంగుళాల లిఫ్ట్ కిట్ వద్దని చెప్పు. పెద్ద టైర్ల ఎత్తు కూడా కలిస్తే బండి ఇంకా పైకి పోతుంది. రెండంగుళాలది వేసినా ఒక సైజు పెద్ద టైర్లు పడతాయని నిన్న ఆయనే చెప్పాడు కదా. మన చేని దారి బురదకు అది చాలు. తలుపు కింద కాలు పెట్టుకోవడానికి మెట్టు కూడా బిగించమను.

బండిలో కాలు పెట్టే చోటు ఇంత ఎత్తుకు లేస్తుందని నువ్వు గోడమీద బొగ్గుతో గీత గీశావు కదా. పొద్దున చూస్తే అత్త ఆ గీత దాకా ఇటుకలు పేర్చి, ఎక్కి దిగుతోంది. చంకలో పాపకు బదులు తలగడ.

"ఏందత్తా ఇది?" అన్నాను.

"నా కొడుకు ఆశపడినాడు గదమ్మా. నేనే అలవాటు చేసుకుంటా ఉండాను. ఎద్దులబండి ఎక్కి దూకినదాన్ని, ఇదెంత! వాడితో మాత్రం చెప్పబాక" అంది.

ఇటుకలు తీసేశాను. నీకు చెప్పానని ఆమెకు తెలియనీయకు.

పాపకు టీకా వేయించడానికి వేలూరు బస్సుకు పోతున్నాను. రసం పొయ్యిమీద ఉంది, వేడి చేసుకో.

ఇంకొకటి. ఇటుకల మీంచి దిగేటప్పుడు అత్త కుడి మోకాలు పట్టుకుంది. అడిగితే ఏమీ లేదంటుంది. అన్నం పెట్టే సాకుతో పక్కన కూర్చుని, వాచిందేమో ఒకసారి చూడు.