బోసిమెడ కోడి

అక్కా, జోంబాలో మేమందరం కులాసా. నువ్వు చెప్పినట్టే పెరట్లోకి రోజూ గుడ్డు పెట్టే తెల్లపెట్టలు నాలుగు కొన్నాను. ‘మీ అత్త మాట వినకు’ అన్నావు గానీ, ఆవిడ తన ఊరి నుంచి ఒక నాటుపెట్టను బస్సులో ఒళ్లో పెట్టుకుని మరీ తెచ్చింది. దాని మెడ మీద ఒక్క ఈకా లేదు.

“ఇదేంటత్తయ్యా, సగం పీకేసిన కోడిలా ఉంది! చూసినవాళ్లు నవ్వుతారు” అన్నాను.

“నవ్వనీవే. గుడ్డు పెట్టేది మెడతో కాదుగా!” అంది.

మొన్న మంగళవారం పెరట్లో గద్ద దిగింది. తెల్లవి నాలుగూ చుట్టాన్ని చూసినట్టు తలలెత్తి చూస్తూ నిలబడ్డాయి. బోసిమెడది మాత్రం ఎగిరి గద్ద మొహం మీద పడింది. నేను చీపురు పట్టుకొచ్చేలోపే గద్ద పారిపోయింది. అత్తయ్య గుమ్మంలో కూర్చుని దగ్గు వచ్చేదాకా నవ్వింది.

“ఏమే లుసుంగూ, ఇప్పుడు నవ్వమను నీ వాళ్లని!”

తెల్లవి గుడ్లు బాగానే పెడుతున్నాయి, పొదగమంటే మాత్రం కూర్చోవు. పక్కింటి పుంజు పొద్దస్తమానం మా పెరట్లోనే ఉంటుంది కనుక, వాటి గుడ్లు పదకొండు బోసిమెడదాని కింద పెట్టాం.

మీ ఊరి సరస్సు ఎండుచేపలు ఒక సంచి పంపు, ఉన్నవాటిలో సగం కోళ్లే తినేస్తున్నాయి. మీ పిల్లాడు వేజీకి జ్వరం తగ్గిందా?

ఆదివారం అత్తయ్య వెళ్లిపోతానని మూట కట్టుకుంది. “కోడిపిల్లలు లేచేదాకా ఉండండి, నా ఒక్కదానికి చేతకాదు” అన్నాను. వెంటనే మూట విప్పేసింది. కోప్పడకక్కా.

బావకు నమస్కారాలు. నీకు దీవెనలు రాయమంది అత్తయ్య. ఈసారి నేను అడగలేదు, తనే చెప్పింది.

నీ చెల్లి,
లుసుంగు