ఇంకా టైము కాలేదు

అమ్మా, నా దగ్గు తగ్గింది, బెంగపెట్టుకోకు.

అన్నయ్య పోరు పడలేక నిన్న మధ్యాహ్నం మన పాత ఫ్లాటుకి వెళ్ళాను, అమ్మేస్తున్నామని అద్దెకుంటున్న టైలరమ్మకి చెప్పేద్దామని. "ఈ చొక్కాకి చేతులు అతికించేసి వస్తా, కూర్చోండి" అంది. కిటికీ కింద, నువ్వు కునుకు తీసే చోటే చేరగిలబడ్డాను. ఎండ ఇప్పటికీ అక్కడే చాపంత పరుచుకుని ఉంది. మిషను చప్పుడు ఎక్కడో వాన పడుతున్నట్టుంది. ఎప్పుడు నిద్రపట్టిందో తెలీదు. కళ్ళు తెరవకుండానే "అమ్మా, బడికి టైమైందా?" అన్నాను. ఆవిడ మిషను ఆపకుండానే "ఇంకా కాలేదులే, పడుకో" అంది. నేను మళ్ళీ పడుకున్నానమ్మా! లేచేసరికి ఎండ గోడెక్కింది. నా మీద ఎవరిదో సగం కుట్టిన కర్టెను కప్పి ఉంది. కర్టెను మడిచి ఆవిడ చేతికిచ్చి, అమ్మకం మాట ఎత్తకుండానే వచ్చేశాను.

అక్కడ వంటింట్లో కుళాయి కారుతోంది, బాగుచేయిస్తాను. నా ఊదారంగు శాలువా మీ దగ్గరుందేమో చూడు. మోకాళ్ళకి నూనె రాయడం మానకు. వదినని అడిగానని చెప్పు, పిల్లలకి ముద్దులు. అన్నయ్య నా మాట ఎలాగూ వినడు. ఆ ఇల్లు అమ్మడానికి ఇంకా టైము కాలేదని నువ్వే చెప్పు.

నీ చిన్నది