తన్నితే మాఫీ, దండం పెడితే కోత

రాయగడ,
12-12-2007

రాయగడ, కొరాపుట్ జిల్లాల విద్యార్థి రోబో పోటీల నిర్వహణాధికారి వారి సముఖమునకు,

అయ్యా,

విషయం: రోబోను చేత్తో తాకినందుకు మా అమ్మాయికి కోసిన పది మార్కులు తిరిగి ఇప్పించుట గురించి.

రాయగడలో ఇనుప సామాను దుకాణం నడుపుకొనుచున్న ఆదిశేషు అను నేను చేసుకొను మనవి ఏమనగా:

1. మొన్న ఆదివారం జరిగిన పోటీలో, తొమ్మిదో తరగతి చదువుచున్న మా అమ్మాయి బిందుశ్రీ, పాత టేప్‌రికార్డరు మోటార్లతో తానే చేసిన రోబోను నేలమీది నల్లగీత వెంట నడిపించినది. మొదట వచ్చినవారికే రాష్ట్ర పోటీలకు భువనేశ్వర్ ప్రయాణం. ఆ ఒక్క చోటు కోసం పిల్ల ఆరు నెలలు ఆటపాటలు మానుకున్నది.

2. అంతకుముందు సెమిలిగుడ జట్టు రోబో గీత తప్పగా, వారి కుర్రవాడు కాలితో ఒక్కటి తన్నినాడు. అది బుద్ధిగా గీత మీదికి వచ్చినది. కోత లేదు.

3. మా అమ్మాయి రోబో మలుపు తిరుగుచూ, పక్కనే నిలుచున్న ఆమె కాలికి తగిలినది. చదువుకు పనికొచ్చే వస్తువుకు కాలు తగిలితే మనవాళ్ళు ఏమి చేస్తారో తమకు తెలియనిది కాదు. వంగి, దాన్ని ముట్టుకుని కళ్ళకద్దుకున్నది. రోబో ఆగనూ లేదు, గీత తప్పనూ లేదు. అయినా పది మార్కులు కోసినారు. నాలుగు మార్కుల తేడాతో ఓడిపోయినది.

4. సైన్సు టీచరు రూతమ్మగారు అడుగగా, ఏడో నిబంధనలో చెయ్యి మాత్రమే ఉన్నదనీ, కాలి ప్రస్తావన లేదనీ, దండం పెట్టినా యంత్రానికి సాయం చేసినట్లేననీ న్యాయనిర్ణేతగారు సెలవిచ్చినారు. అదే నిజమైతే, బండ్లకు దండం పెట్టే విశ్వకర్మ పూజనాడు మన లారీలన్నీ డ్రైవర్లు లేకుండానే ఘాటీ రోడ్డు ఎక్కిపోవాలి.

5. ప్రారంభోత్సవంలో ప్రతి రోబోకూ బొట్టు పెట్టి దండం పెట్టినది తమరే. తప్పు తమదని అనను. ఇంట్లో నేర్పింది మేమే. రాతలో మర్యాద ఉంది గానీ, అయ్యా, లోపల ఒళ్ళు మండిపోతోంది.

కావున మార్కులు తిరిగి ఇప్పించవలెను. అది కుదరనిచో ఏడో నిబంధనలో కాలిని కూడా చేర్పించవలెను. అదీ కుదరనిచో, పిల్లలకు తన్నడం నేర్పమని బడులన్నిటికీ సర్క్యులర్ అయినా పంపించవలెను. ఒక తండ్రి మొరగా చిత్తగించవలెనని ప్రార్థన.

తమ విధేయుడు,
ఆదిశేషు

మరొక్క మాట: నిన్న సాయంత్రం ఇంట్లో బిందుశ్రీ కాలు సైన్సు పుస్తకానికి తగిలింది. అలవాటుగా చెయ్యి చాపి, సగంలో ఆపేసింది. నా మొహం చూసి, "నాన్నా, దీనికీ పది కోసెత్తారేటి?" అని అడిగింది. ఆ జవాబేదో తమరే చెప్పండి.