ప్రార్థన అంశం

కూర్మన్నపాలెం సంఘం పాస్టరుగారికి వందనాలు.

మీరు మమ్మల్ని సువార్త పనికి పంపిన ఈ మలావీ దేశం నుంచి ఇకమీదట నెలనెలా మా ప్రార్థన ఉత్తరం రాదు. పదమూడేళ్ల మా ప్రిస్కిల్లా నిద్రలో పక్క తడుపుతోందని మీకు రాస్తే, ఆదివారం ఆరాధనలో మైకులో చదివించారు. మేం సెలవుకి వచ్చినప్పుడు చర్చి మెట్ల మీదే ఆడవాళ్లు దాన్ని చుట్టుముట్టారు.

"ఇప్పుడు తగ్గిందేటమ్మా? నీ కోసం ఉపాసముండి ప్రార్థన సేత్తన్నాం" అన్నారు. ప్రేమగానే అన్నారు. నాకు మరీ మండింది అందుకే.

ప్రార్థన అంశాల్లో అది రాసింది నేనే, తప్పు నాదే. చర్చి గోడకున్న మా కుటుంబం ఫొటో తీసేయండి.

ఇక్కడ ఊరూరా తిరిగి ప్రార్థన నేర్పుతున్నాం. నిన్న ప్రార్థన చేద్దామని నా కూతురి తల మీద చెయ్యి పెట్టబోతే పక్కకి జరిగిపోయింది.

"నా గురించి దేవుడికి కూడా చెప్పకమ్మా" అంది.

మీరు పంపిన సహోదరి