పేరు పెట్టి రాసిన మనవి

ఎస్తేరూ, వందనాలు. నువ్వు వెళ్లి ఎనిమిది నెలలు దాటింది.

నీకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. ఇన్నేళ్లూ ఒకే ఇంట్లో ఉన్నాం. నువ్వు మాట్లాడేదానివి, నేను వినేవాణ్ని. ఇక ఉత్తరాలతో పనేముంది? ఇప్పుడు వంతు మారింది... అంతే అనుకో.

నేను క్షేమం. అనకాపల్లి బెల్లం కొట్టులో సీజను మొదలైంది. పొద్దున్నే బళ్లొస్తున్నాయి. దిమ్మల తూకం, చిట్టా రాయడం, సాయంత్రానికి ఖాతాలవారీగా ఆవర్జాలోకి ఎక్కించడం, అదే పని. నీ బదులు ప్రార్థన కూడికకి వెళ్లడానికి షావుకారు శుక్రవారం మధ్యాహ్నం నుంచి నాకు సెలవిస్తున్నాడు. అడగకముందే ఇచ్చాడు. నీ మీద గౌరవంతో ఇచ్చాడని నాకు తెలుసు. వంట నేర్చుకున్నాను. చారు బాగానే కుదురుతోంది. పప్పు దగ్గరే ఇంకా తేడా వస్తోంది.

నీకు చెప్పాల్సింది మన ప్రార్థన ఉత్తరం సంగతి.

మనం దాన్ని ఎలా రాసేవాళ్లమో గుర్తుందా? కోటవురట్ల వైపు ఊళ్లలో నువ్వు సువార్తకి తిరిగొచ్చిన సంగతులన్నీ నెలాఖరున వంటగది గుమ్మంలో కూర్చుని చెప్పేదానివి. ఎవరింట్లో పాట పాడారు, ఎవరికి జ్వరం తగ్గింది, ఎవరికోసం ప్రార్థన చెయ్యాలి... నేను పీట మీద కాగితం పెట్టుకుని రాసేవాణ్ని. రాసింది చదివి వినిపిస్తే నీకెప్పుడూ తృప్తి లేదు.

“ఏటండీ, నాను పది మాటలు సెప్తే మీరు నాలుగే రాసేరు. మిగతా ఆరూ ఏవైపోయేయి?” అనేదానివి.

అవసరం లేనివి వదిలేశానంటే, “అసలు సంగతంతా ఆట్లోనే ఉందండీ బాబూ” అని తల కొట్టుకునేదానివి.

ఆ ఉత్తరం జిరాక్సు తీయించి మన కోసం ప్రార్థించే కుటుంబాలకు పోస్టు చేసేవాణ్ని. విశాఖపట్నంలో కొందరు, కాకినాడలో కొందరు. ఒక కాపీ పాస్టరు అయ్యగారికి ఇస్తే నెల మొదటి ఆదివారం చర్చిలో చదివేవారు. చదవడం అయ్యాక అందరూ మోకరించేవారు. అన్ని గొంతులు ఒక్కసారి లేస్తుంటే నువ్వు కళ్లు మూసుకుని నవ్వేదానివి. నేను చూశాను.

నువ్వు వెళ్లాక ఉత్తరం ఆగిపోయింది. కాకినాడ నుంచి ఒకావిడ కార్డు రాసింది. ఎస్తేరమ్మగారు లేకపోయినా ఆ ఊళ్లు ఉన్నాయి కదా, ఇప్పుడు ఎవరికోసం ప్రార్థించాలో చెప్పండి అని. ఆ మాట నాకు నచ్చింది. ఉత్తరం నేనే రాద్దామని కూర్చున్నాను.

అక్కడే పొరపాటు చేశాను.

నువ్వు ఎప్పుడూ పేర్లు చెప్పేదానివి కాదు. ‘ఒక సోదరి’, ‘ఒక కుటుంబం’, ‘ఒక ముసలి తండ్రి’... అంతవరకే. నేను పేరడిగితే, “ఒక సోదరి అని రాయండి, సాలు” అని తేల్చేసేదానివి. నా చేతికి అది ఎప్పుడూ రుచించలేదు. పేరు లేని పద్దు నేను జీవితంలో రాయలేదు. ఎవరు, ఏ ఊరు, ఏం సంగతి అనేది లేకపోతే అది లెక్కెలా అవుతుంది? ఈసారి పక్కన నువ్వు లేవు. నేను నీటుగా గీతలు గీసి ఊరు, పేరు, వివరం అని మూడు వరసలు పెట్టి రాశాను. చూడ్డానికి చాలా బాగుంది. నువ్వు మెచ్చుకుంటావని కూడా అనుకున్నాను...

అందులో ఒకటి నూకరత్నం మనవి. శుక్రవారం కూడిక జరిగే ఇంటి కోడలు నూకరత్నం. నువ్వు నేర్పిన పాటలన్నీ ఇప్పుడు తనే ఎత్తుకుంటోంది. తను మెల్లగా నా దగ్గరకొచ్చి చెప్పిన మాటను చెప్పినట్టే రాశాను. ఊరు పేరు, నూకరత్నం పేరు, వాటి ఎదురుగా ‘అత్తగారు పైడమ్మగారి మనసు మెత్తబడాలని.’

అయ్యగారు దాన్ని చర్చిలో గట్టిగా చదివారు. అందరూ మోకరించారు. చాలా గట్టిగా ప్రార్థించారు.

మన సంఘంలో ఒకావిడ పుట్టిల్లు పైడమ్మగారి పక్క ఊరే. ఆవిడ మంచి మనసుతోనే చేసింది. సోమవారం బస్సు దగ్గర పైడమ్మగారు కనబడితే, మీ మనసు మెత్తబడాలని మేమందరం మోకాళ్ల మీద ప్రార్థన చేస్తున్నామండీ అని సంతోషంగా చెప్పిందట.

ఇక చూడు.

ఆ శుక్రవారం నేనేమీ తెలియకుండా వెళ్లాను. చెరుకు తోటల మధ్య నడుచుకుంటూ ఊళ్లోకి వెళ్లేసరికి పైడమ్మగారింటి పక్క, మనం కూడుకునే పాకకి తడిక అడ్డంగా కట్టి ఉంది. లోపల మనుషుల్లేరు. నూకరత్నం కనబడలేదు. కూడికకి వచ్చే ఒకామె నూతి దగ్గర నుంచే సంగతి చెప్పి, ఈయాల్టికి ఎల్లిపోండి బాబూ అంది.

ఆ పాక తప్ప ఆ ఊళ్లో మనకు వేరే చోటు లేదు. మిగతావాళ్ల ఇళ్లు ఇరుకు, మగాళ్లు ఒప్పుకోరు. పైడమ్మగారు నీ మీద మొహమాటంతో ఇచ్చిన చోటు అది. ఆవిడ కాదంటే కూడిక అక్కడితో సరి. అంతకంటే ముఖ్యం నూకరత్నం సంగతి. నా రాత వల్ల ఆ పిల్లకి ఇంట్లో ఏం జరుగుతోందో... ఆ వారమంతా కొట్టులో లెక్కల కూడికలు తప్పాను. నా చిట్టాలో కొట్టివేతలు పడటం చూసి షావుకారు ఒంట్లో బాగోలేదా అని అడిగాడు.

పేర్లు ఎందుకు వద్దంటున్నావో ఒక్కసారైనా చెప్పి ఉండకూడదా ఎస్తేరూ? లేక నేనే ఎప్పుడూ అడగలేదా?

అయ్యగారిని అడిగాను. కొన్నాళ్లు ఆ ఊరు వెళ్లకండి, చల్లారనివ్వండి అన్నారు. ఆయన అనుభవంతో చెప్పిన మాటే. కానీ నాకెందుకో వెళ్లకపోతే ఆ తడిక ఇక ఎప్పటికీ లేవదనిపించింది. తప్పు పద్దు పడితే మర్నాటికి వదలకూడదని నేను నమ్ముతాను. ఇది అప్పటికే వారం ఆలస్యమైంది.

మళ్లీ శుక్రవారం వెళ్లాను.

తడిక తీసి ఉంది. కానీ పాక గుమ్మానికి అడ్డంగా మంచం వేసుకుని, దాని మీద పైడమ్మగారు కూర్చుని ఉంది. కూడికకి వచ్చే ఆడవాళ్లు దూరంగా వేపచెట్టు కింద నిలబడి చూస్తున్నారు. నూకరత్నం ఇంటి గుమ్మంలో ఉంది, తల ఎత్తడం లేదు.

“వచ్చేవేటి బాబూ? రా. నీకోసవే కూకున్నాను” అంది పైడమ్మగారు. “నా మనసు మెత్తబడాలని అనకాపల్లంతా మోకాళ్ల మీద పడిందట కదా! నానేటి సేసేనని? కోడలికి కూడెట్టలేదా? కొట్టేనా? నాను మనిషినా, బండరాయినా?”

ఆవిడ అడుగుతూనే ఉంది. నేను మామూలుగా అయితే తల వంచుకుని నిలబడేవాణ్ని. మన పెళ్లిలో మీ నాన్న నిలదీసినప్పుడు కూడా అలాగే నిలబడ్డాను కదా. నువ్వు పక్కన ఉంటే ఆవిడని నాలుగు మాటల్లో నవ్వించేసేదానివి. నాకది రాదు. రాని పని ఎలా చెయ్యాలి?

వచ్చినంత మాట్లాడాను. పేరు రాయడం నా తప్పండీ, మా ఆవిడ ఎప్పుడూ రాయలేదు, కోడలు రాయమనలేదు, నేనే రాశాను, మీరు అనాల్సింది నన్నే అని చెప్పాను.

నేను అంతసేపు మాట్లాడటం ఆ ఊళ్లో ఎవరూ వినలేదు.

పైడమ్మగారు నన్ను పైనుంచి కిందకి చూసింది. “ఓలమ్మో, ఈ బాబుకి నోరుందర్రా!” అంది. ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. ఆవిడ నవ్వలేదు. “సరే. రాసినోడివి ఒక పక్కే రాసీసి ఊరుకుంటావా? నా పక్క ఎవులు రాత్తారు? నా మోకాళ్లు రేత్రంతా పీకుతాయి, అది రాసేవా? నా కొడుకు అచ్యుతాపురం కంపెనీలో సేరిపోయి అక్కడే రూము తీసుకున్నాడు. సెలవిత్తే వత్తాడు, ఆలితో మాటాడతాడు, సెల్లుఫోనుతో మాటాడతాడు. ‘అమ్మా, తిన్నావేటే’ అని ఒక్కపాలైనా అడగడు. అది రాసేవా?”

అది అడిగి ఆవిడ మోకాలు నొక్కుకుంది.

నువ్వు ఆవిడ గురించి ఒకసారి అన్నావు గుర్తుందా? “గుమ్మంలో కూకొని సింతపండు ఒలుత్తాది గానీ, సెవులు మన కాడే ఉంటాయండీ.” నువ్వు ఆ మాట నవ్వుతూ అన్నావు. నేను నవ్వులాటగానే విన్నాను. ఇన్నేళ్లలో ఆవిడని రమ్మని మనం ఒక్కసారైనా పిలిచామా? ఆవిడ పాకలోనే మనం కూర్చుని, ఆవిడని గుమ్మంలో వదిలేశామా?

జేబులోంచి కాగితం తీశాను. చెప్పండి, రాస్తాను అన్నాను.

“పేరెట్టి రాత్తావా?”

పెట్టనండీ అన్నాను.

“పేరు లేపోతే దేవుడికెలాగ తెలుత్తాది?”

మీరు చెబుతున్నప్పుడే తెలిసిందండీ అన్నాను. నాకు ఎలా తోచిందో తెలీదు ఎస్తేరూ. అది నీ మాటలా ఉంది, కానీ నువ్వు ఎప్పుడూ అనగా వినలేదు.

ఆవిడ కాళ్లు కిందకి దించి మంచం మీద నాకు చోటిచ్చింది. “రాయి” అంది.

రాశాను. పది మాటలకి నాలుగు కాదు, పదీ రాశాను. మోకాళ్లు, కొడుకు, ఈసారి చెరుకు నరకడానికి దొరకని కూలీలు... మధ్యలో నూకరత్నం వెక్కుతుంటే, “నువ్వేల ఏడుపే? బాబు ఎండలోంచి వచ్చేడు, మంచినీళ్లట్టుకురా ముందు” అని కసిరింది. ఆ పిల్ల నీళ్ల చెంబు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. ఆడవాళ్లు ఒక్కొక్కరే దగ్గరకొచ్చారు. ఎవరో మంచం అవతలి కోడు పట్టుకుంటే అందరం కలిసి దాన్ని పాక లోపలికి జరిపాం. పైడమ్మగారు దాని మీదే కూర్చుని ఉంది. దిగమన్నా దిగలేదు.

నూకరత్నం పాట ఎత్తుకుంది. నేను ఒక కీర్తన చదివాను. నువ్వు వెళ్లినప్పటి నుంచి నా వంతు అంతవరకే. పైకి ప్రార్థన చెయ్యడం నాకు చేతకాదని వాళ్లకి తెలుసు, మౌనంగా తలలు వంచి ముగిస్తాం. ఆ రోజు తలలు వంచాక పైడమ్మగారు, “రాసింది సదవవేటి మరి?” అంది.

నిజమే కదా. రాసింది దేవుడికి చదివి వినిపిస్తే సరిపోతుంది కదా! ఇన్నేళ్లూ నాకు ఆ ఊహ రాలేదు. కాగితం తీసి మొదటి నుంచి చదివాను. పేర్లు లేకుండా. ప్రభువా, ఒక తల్లి మోకాళ్లు. ప్రభువా, దూరాన ఉన్న ఒక కొడుకు. ఒక్కోదానికి అందరూ ఆమేన్ అంటున్నారు. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

కాగితం వెనక వైపు పాత మనవులు ఉన్నాయి. నెల పూర్తి కాలేదు కాబట్టి అవి కూడా అదే కాగితంలో ఎక్కించి ఉంచాను. చదువుకుంటూ పోతే మనసు మెత్తబడాలన్న మనవి దగ్గరకొచ్చాను. అక్కడ ఆగిపోయాను. దాటేసి కిందది చదువుదామా, కొట్టేద్దామా... ఏమీ తోచలేదు. పాకలో అందరికీ తెలిసిపోయింది నేను ఎక్కడ ఆగానో.

పైడమ్మగారు కళ్లు తెరవలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది.

“ఆగిపోయేవేటి బాబూ,” అంది. “అదీ సదువు.”

చదివాను. అందరికంటే ముందు ఆమేన్ అన్నది ఆవిడే.

ఈ నెల ఉత్తరం నిన్న పోస్టు చేశాను. ఇకమీదట అందులో ఏ మనిషి పేరూ ఉండదు. నేను బతికున్నంతకాలం ప్రతి శుక్రవారం ఆ పాకకి వెళ్తాను, వాళ్లు చెప్పింది రాస్తాను, రాసింది పైకి చదువుతాను. నా గురించి దిగులు పెట్టుకోకు.

నీ
ప్రసాదరావు